సాల్మన్ చేప జాలీకి అతుక్కుపోయింది, మొక్కజొన్న మాడింది, అల్లుడు గారు బాగుందన్నారు. కనుమకి ఎలా చేయాలి?

మల్కాజిగిరి మామయ్య | ఆదివారం రాత్రి 10:20

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాయక తప్పని పరిస్థితి వచ్చింది.

సంక్రాంతికి అమ్మాయి, అల్లుడు గారు సియాటిల్ నుంచి వచ్చారు. పెళ్లయిన మూడేళ్లకి ఇక్కడ జరుపుకుంటున్న మొదటి పండగ. మా ఆవిడ వారం ముందునుంచే అరిసెలు, సకినాలు డబ్బాలకెత్తింది. అల్లుడు గారు నెమ్మదస్తులు, ఏం పెట్టినా తింటారు. మొన్న ఏదో మాటల్లో, 'అక్కడ వారానికోసారి సాల్మన్ గ్రిల్ చేసుకుంటాం మామయ్యగారూ, పక్కనే కూరగాయలు కూడా కాల్చేస్తాం, ఇక వేరే వంట పెట్టుకోం' అన్నారు. ఆయన నన్నేమీ అడగలేదు. నేనే పట్టుకున్నాను. అమ్మాయి ఫోన్లో ఆ ఊరి పైక్ ప్లేస్ మార్కెట్ కూడా చూపించింది. 1907లో మొదలైన మార్కెట్టట. కొట్టువాడు ఇంత చేపని గాల్లోకి విసిరితే అవతలివాడు కాగితంలో పట్టుకుంటున్నాడు. మన రాంనగర్ చేపల మార్కెట్లో అలా విసిరితే మధ్యలో గద్ద తన్నుకుపోతుంది.

నేను లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై రెండేళ్లు ఇనుముతో కాపురం చేసి రిటైరైనవాణ్ణి. నిప్పంటే నాకో లెక్కే కాదు. పాత డ్రమ్ము నిలువునా కోయించి, కాళ్లు వెల్డింగ్ చేయించి, పైన కోళ్ల గూళ్లకి వాడే తళతళలాడే జాలీ కొత్తది తెచ్చి బిగించాను. బొగ్గులు మా సందులో ఇస్త్రీ బండాయన దగ్గర రెండు కిలోలు తీసుకున్నా. చేపకి బంజారాహిల్స్ దాకా వెళ్లాను. ఓ పెద్ద సూపర్‌మార్కెట్ ఫ్రీజర్లో, గాలి తీసేసిన ప్యాకెట్లో గులాబీరంగు ముక్కలు నాలుగు, వెనకాల నార్వే అని రాసుంది. బిల్లు రెండు వేలు దాటింది. మా ఆవిడకి పన్నెండొందలని చెప్పాను. ఆవిడ ఇలాంటివి చదవదు కాబట్టి ఇక్కడ నిజం రాస్తున్నా.

చేసిన పని వరసగా చెప్తాను, ఎక్కడ తప్పిందో మీరే పట్టుకోండి.

కొరమేనుకి ఎలా చేస్తామో అలాగే చేశా. అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, పసుపు, ధనియాల పొడి, రెండు నిమ్మకాయల రసం కలిపి పొద్దున పదకొండుకి పట్టించి ఫ్రిజ్‌లో పెట్టాను. సాయంత్రం నాలుగింటికి తీసి చూస్తే అంచులు తెల్లబడిపోయి, వేలితో నొక్కితే నానిన పెసరపప్పులా విడిపోతున్నాయి. అయినా వెనక్కి తగ్గలేదు. డాబామీద బొగ్గులు పరిచి, ఎప్పటిదో సీసా అడుగున మిగిలిన కిరసనాయిలు చల్లి అంటించా. మంట నడుమెత్తు లేచింది. ఆహా అనుకుని ఆ మంటమీదే చేప పెట్టేశా.

రెండు నిమిషాలాగి అట్లకాడ దూర్చాను. రాలేదు. ఇంకాస్త గట్టిగా దూర్చాను. పై సగం నా చేతికొచ్చింది, కింది సగం తోలుతో సహా జాలీకే ఉండిపోయింది. ముక్కలోంచి నూనె కారి నిప్పులో పడ్డప్పుడల్లా భగ్గుమని మంట మీసాలదాకా వస్తోంది. పైగా చేపలోంచి తెల్లగా, విరిగిన పాలలాంటిదేదో ఊరింది. పాడైన చేప అంటగట్టారేమోనని హడలిపోయా. కూరగాయల సంగతి అడక్కండి. మొక్కజొన్న ఓవైపు మసి, ఓవైపు పచ్చి. దొండకాయలు జాలీ కంతల్లోంచి ఒక్కొక్కటే నిప్పుల్లోకి దూకేశాయి. చిలగడదుంప చక్రాలు పైన బొగ్గు, లోపల రాయి.

అందరం కూచుని తిన్నాం. పైన మాడిన కారం చేదు, లోపల కిరసనాయిలు వాసన. అల్లుడు గారు 'పొగ రుచి బాగా పట్టింది మామయ్యగారూ' అన్నారు. అమ్మాయి పళ్లెంలోకి తలొంచుకుని నవ్వాపుకుంది. మా ఆవిడ ఏమీ అనకుండా లేచి వెళ్లి మధ్యాహ్నం సాంబారు వేడిచేసి తెచ్చింది. ఆ గిన్నె కిందపెట్టిన చప్పుడు నాకింకా వినపడుతోంది.

శుక్రవారం కనుమ. కనుమనాడు కాకైనా కదలదంటారు కాబట్టి వాళ్లు ఇక్కడే ఉంటారు. ఆరోజు ఇదే చేప, ఇదే డాబా. రెండు చిక్కులున్నాయి. అమ్మాయికి అయిదో నెల, సగం ఉడికింది పెడితే మా ఆవిడ నన్ను ఉడకబెడుతుంది. అల్లుడు గారేమో సాల్మన్ మధ్యలో కాస్త మెరుస్తూ ఉండాలంటారు. రెండో చిక్కు, మా అత్తగారు కాశీ వెళ్లొచ్చినప్పటినుంచి నీచు ముట్టరు. కూరగాయలు ఆవిడకీ కావాలి.

దయచేసి వీడియో లింకులు పెట్టకండి. చూసీ చూసీ విసుగొచ్చింది, అందరి చేపా దానంతటదే లేచి వస్తోంది.

---

భట్టీ కాడి మనిషి | సోమవారం పొద్దున 12:45

సార్, నవ్వు ఆపుకోలేకపోయిన, ఏమనుకోవద్దు. నేను గచ్చిబౌలి సైడు ఒక హోటల్ కిచెన్ల పన్నెండేండ్ల సంది పని చేస్తున్న. మొదటి ఆరేండ్లు భట్టీ కాడనే. డ్యూటీ దిగి ఇంటికొచ్చి రాస్తున్న, జర పొడుగైతది.

అన్నిటికన్న ముందు ఆ జాలీ తీసేయున్రి. కోళ్ల గూడు జాలీకి జింకు పూత ఉంటది. నిప్పు మీద వేడెక్కితే ఆ పూత తిండికి అంటుతది. వర్క్‌షాపుల పనిచేసినోళ్లు, మీకు నేను చెప్పాల్నా? స్టీలు జాలీ కొనున్రి, బేగంబజార్‌ల గిన్నెల దుకాణాలల్ల దొరుకుతది, లేకుంటె మందం స్టీలు కడ్డీలు మీరే వెల్డింగ్ చేసుకోవచ్చు. డ్రమ్ము కూడ లోపల రంగు ఉంటె చేప పెట్టకుండ ఒకసారి ఉత్తగ పెద్ద మంట పెట్టి రంగంత కాలిపోయేదాక కాల్చున్రి.

ఇగ చేప. కొరమేను కండ గట్టిది, కొవ్వు తక్కువ, ఎంత మసాల పెట్టినా నిలవడ్తది. ఇది గట్ల కాదు. పెంపకం సాల్మన్‌ల వంద గ్రాములకు 13 గ్రాముల దాక కొవ్వు ఉంటది. దాని నూనెనే దానికి మసాల. నిమ్మరసం అయిదు గంటలు పెట్టిన్రు కద, పులుపు నిప్పు లేకుంటనే చేపను ఉడికించినట్టు చేస్తది. మీ ముక్క అంచులు తెల్లబడ్డయంటె సగం వంట ఫ్రిజ్‌లనే అయిపోయింది. నిమ్మకాయ ఆఖరుకు, పళ్లెంల పెట్టినంక పిండాలె. అల్లం వెల్లుల్లి ముద్ద అస్సలు వద్దు, నిప్పు మీద అన్నిటికన్న ముందు మాడేది అదే. ఉప్పు, మిరియాల పొడి, జరంత నూనె, అంతే.

తెల్లగ ఊరింది చూసి భయపడ్డరు కద. చేప పాడు కాలే. అది అల్బుమిన్ అనే ప్రొటీన్. ఎక్కువ మంట తగిలితె కండ బిగుసుకొని దాన్ని బయటికి పిండుతది, గడ్డ కట్టి తెల్లగ అయితది. తింటె ఏంగాదు, చూడనీకె బాగుండదు. మేము ఏం చేస్తమంటె, లీటరు నీళ్లల్ల 50 గ్రాముల ఉప్పు కరగబెట్టి ముక్కల్ని పదిహేను నిమిషాలు ముంచుతం. మస్తు తగ్గుతది. గట్ల చేస్తె మల్ల పైన ఉప్పు చల్లొద్దు. తీసినంక శుభ్రమైన బట్టతోని తడి లేకుండ అద్దాలె. తోలు దిక్కు ఇంక మంచిగ అద్దాలె. తడి ఉన్న చేప జాలీకి అంటకుండ ఉండదు, దేవుడు దిగొచ్చినా.

ఇప్పుడు నిప్పు. గ్యాస్ నూనె (మీ కిరసనాయిలు) పేరు ఎత్తొద్దు. కొబ్బరి పీచు, రెండు ఎండిన చిప్పలు అడుగున పెట్టి అంటియ్యున్రి, మీద బొగ్గులు కుప్పగ పొయ్యున్రి. పరవొద్దు, కుప్పగ. ఇసనకర్రతోని ఊపుకుంట ఉంటె ఇరవై, ఇరవై అయిదు నిమిషాలల్ల మంట సల్లబడ్తది, బొగ్గుల మీద తెల్లటి బూడిద పొర కడ్తది. నివురుగప్పిన నిప్పు అంటరు కద, అందరు దాన్ని మనుషుల కోపానికి వాడ్తరు గాని, వంటోనికి అది టైమ్ చెప్పే మాట. నల్ల బొగ్గు కనవడ్డంత సేపు చేప పెట్టొద్దు. మంట కనవడ్డా పెట్టొద్దు. నివురు కప్పినంకనే. అప్పుడు బొగ్గులన్ని ఒక పక్కకు జరిపి, ఇంకో పక్క ఖాళీగ ఇడవాలె. ఇటు దిక్కు కాల్చనీకె, అటు దిక్కు పారిపోనీకె. నూనె కారి మంట లేస్తె నీళ్లు చల్లొద్దు, బూడిద లేచి చేప మీద పడ్తది. ముక్కను ఖాళీ దిక్కుకు జరుపున్రి, చాలు.

జాలీని పది నిమిషాలు ఉత్తగ కాలనీయాలె. సగం కోసిన ఉల్లిగడ్డను ఫోర్క్‌కు గుచ్చి, నూనెల ముంచి దాంతోని జాలీని రుద్దాలె. మసి పోతది, నూనె పడ్తది. జాలీ మీద జానెడు ఎత్తుల అరచెయ్యి పెట్టి చూడున్రి. మూడు నాలుగు సెకండ్లకు మించి ఉంచలేకపోతె సరిపోయింది.

తోలు కిందికి పెట్టాలె. పెట్టినంక చేతులు కట్టుకొని నిలవడున్రి. ఇదే కష్టం. ఆరేడు నిమిషాలు ముట్టొద్దు. ముక్క పక్కనుంచి చూస్తె కింద ఉడికిన రంగు మెల్లగ పైకి ఎక్కుతది, ముదురు గులాబి పోయి లేత రంగు వస్తది. ముప్పావు ఎత్తుకు ఎక్కినంక అట్లకాడ కొసతోని మూలను లేపున్రి. తయారైతె అదే లేస్తది. లేవలేదంటె ఇంక ఇడువలేదని, లాగొద్దు, నిమిషం ఆగున్రి. తిప్పి ఒక నిమిషం, నిమిషమున్నర. అంగుళం మందానికి మొత్తం పది నిమిషాల లోపే లెక్క.

మీ బిడ్డ ముచ్చట. గుచ్చే థర్మామీటర్ ఒకటి కొనున్రి, పెద్ద ధర కాదు. అమెరికా వాళ్ల సర్కారు లెక్కల చేపకు లోపల 63 డిగ్రీలు రావాలె. ఆమెకు అంత పెట్టున్రి, తక్కువ వద్దు. హోటళ్లల్ల అడిగినోళ్లకు 52, 55 కాడ తీస్తరు, అల్లుడు గారు అడిగేది గదే. దీనికి రెండు సార్లు వండే పని లేదు. తోక దిక్కు ముక్క సన్నగ ఉంటది, నడుము ముక్క మందంగ ఉంటది. రెండూ ఒక్కసారి పెట్టి ఒక్కసారి తీస్తె తోక ముక్క మంచిగ ఉడుకుతది, నడుము ముక్క లోపల మెరుస్తది. తోక బిడ్డకు, నడుము అల్లునికి. థర్మామీటర్ మాత్రం ఆమె ముక్కకు గుచ్చి చూడున్రి.

---

సైనిక్‌పురి సైకిలు | సోమవారం పొద్దున 7:10

మామయ్యగారూ, బుధవారం భోగి. మంట ఎలాగూ వేస్తారు. అందులోనే కానిచ్చేస్తే బొగ్గుల ఖర్చు కలిసొస్తుంది కదా.

---

భట్టీ కాడి మనిషి | సోమవారం మధ్యాహ్నం 3:30

తమ్మీ, భోగి మంటల పాత కుర్చీలు, రంగేసిన కిటికీ చెక్కలు, ప్లైవుడ్డు అన్ని పడ్తయి. ఆ నిప్పుల కాడ చలి కాగు, తిండి పెట్టకు.

---

పద్మారావునగర్ పిన్ని | సోమవారం సాయంత్రం 5:05

చేప సంగతి నాకు తెలియదు, మా ఇంట్లో వండం. కానీ కూరగాయల గురించి ఒక్కరూ మాట్లాడకపోవడం చూసి ఆగలేకపోయాను. అన్నయ్యగారూ, మీ అత్తగారికి మొదటి పళ్లెం వెళ్లాలి. అంటే కూరగాయలు చేపకన్నా ముందు కాలాలి, తర్వాత కాదు. జాలీకి ఒక్కసారి చేప నూనె అంటిందా, ఎంత తోమినా ఆవిడ ముక్కుకి తెలుస్తుంది. వీలైతే రెండు జాలీలు కొనండి, పట్టకారు కూడా వేరేది పెట్టండి. మా అత్తగారితో ముప్పై ఏళ్లు నెగ్గుకొచ్చినదాన్ని, నా మాట వినండి.

మొక్కజొన్న మాడిందన్నారు. నెక్లెస్ రోడ్డు మీద కంకులు కాల్చే ఆవిడని ఎప్పుడైనా పది నిమిషాలు నిలబడి చూశారా? కంకిని నిప్పుమీద వదిలేయదు. కుడిచేత్తో విసనకర్ర, ఎడంచేత్తో కంకి, గింజ గింజకీ తిప్పుతూనే ఉంటుంది. మీరు చేప పక్కన కంకి పెట్టి చేప చూసుకుంటే అది మాడక ఏం చేస్తుంది! మీకంత తీరిక లేకపోతే పైతొక్కలు తీయకుండా అరగంట నీళ్లలో నానబెట్టి తొక్కలతోనే పెట్టండి. లోపల ఆవిరికి ఉడుకుతుంది. చివర్లో తొక్క ఒలిచి రెండు నిమిషాలు నేరుగా నిప్పుమీద తిప్పితే మచ్చలు పడతాయి. నిమ్మచెక్కని ఉప్పూకారంలో అద్ది రుద్దడం మీకు చెప్పక్కర్లేదు.

చిలగడదుంప, హైదరాబాదులో మొరంగడ్డ అంటారు, చక్రాలు కోయకండి. ముందుగా కుక్కర్లో ఒక్క కూత రానిచ్చి, చల్లారాక బొటనవేలంత మందాన నిలువుగా కోసి నూనె రాసి పెట్టండి. బంగాళాదుంపకీ అంతే. గట్టి దుంపలు నిప్పుమీదే ఉడకాలంటే పైన మాడిపోయేదాకా లోపల కదలదు. లేదూ తీరిగ్గా చేస్తానంటే, దుంపని కోయకుండా పక్కనున్న వేడి బూడిదలో కప్పెట్టి ముప్పావుగంట మరిచిపోండి. చిన్నప్పుడు మా అమ్మమ్మ కట్టెలపొయ్యిలో అలాగే పెట్టేది. తొక్క ఒలుస్తుంటే పాకం కారేది.

దొండకాయ వద్దే వద్దు. అది వేపుడుకే పుట్టింది. బీరకాయ కూడా వద్దు, నీరొదిలి చప్పబడుతుంది. బెండకాయ పెట్టండి, లేతవి, తల కోయకుండా మొత్తం కాయ. తల కోస్తే జిగురు బయటికొస్తుంది, కోయకపోతే నిప్పుకి లోపలే ఆరిపోతుంది. ఆరు కాయలు పక్కపక్కన పేర్చి రెండు పుల్లలు గుచ్చండి, ఒకటి తలవైపు, ఒకటి తోకవైపు. నిచ్చెనలా అవుతుంది. ఒక్క పుల్లయితే తిప్పినప్పుడు కాయలు గిర్రున తిరిగి మళ్లీ కాలిన వైపే కిందికొస్తాయి. వెదురు పుల్లలైతే ముందు నీళ్లలో నానేయండి. ఉల్లిపాయ వేరుతో సహా నిలువుగా నాలుగు చెక్కలు చేయండి, వేరు ఉంటే పొరలు విడిపోవు. క్యాప్సికమ్ పెద్దపెద్ద రేకులుగా, తోలువైపు కిందికి. పొడుగు వంకాయ నిలువుగా రెండుగా చీల్చి, కోసినవైపు కత్తితో గళ్లు గీసి నూనె రాయండి. వంకాయకి ఎంత నూనైనా తాగే గుణం, జాగ్రత్త.

ఉప్పు ముందు చల్లకండి, నీరూరుతుంది. తీశాక వేడిమీద ఉప్పు, వేయించిన నువ్వుల పొడి, చిటికెడు కారం. చింతకాయల రోజులు కదా, కొత్త చింతకాయ పచ్చడి గిన్నె పక్కన పెడితే ఇంక ఏ సాసూ అక్కర్లేదు. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి.

---

మల్కాజిగిరి మామయ్య | సోమవారం రాత్రి 9:15

భట్టీ కాడి తమ్ముడూ, జింకు మాట చదివి నాలుక కరుచుకున్నా. జింకు పూత రేకులు వెల్డింగ్ చేసిన రోజున మా వాళ్లకి రాత్రికి చలిజ్వరం వచ్చేది. పాలు తాగమని చెప్పేవాణ్ణి, రేకు గీకి పూత తీసి చేయమనీ చెప్పేవాణ్ణి. ముప్పై రెండేళ్లు జనానికి చెప్పి, ఇంట్లో అదే జాలీ మీద గర్భిణికి చేప కాల్చాను. మా ఆవిడకి ఇది చెప్పలేదు. ఇవాళే స్టీలు జాలీలు రెండు తెచ్చా.

పిన్నిగారూ, నిచ్చెన ఐడియా బ్రహ్మాండం.

ఒక అనుమానం. రాంనగర్‌లో ఓ కొట్టాయన 'సాల్మన్ ఇక్కడే తాజాగా ఉంది సార్, ఫ్రీజర్ సరుకెందుకు' అని చేప చూపించాడు. ధర మూడోవంతు కూడా లేదు. కండ తెల్లగా ఉంది. తీసుకోనా?

---

గోదారి గట్టు | సోమవారం రాత్రి 10:40

తీసుకోండి గానీ సాల్మన్ అని తీసుకోకండి బాబాయ్ గారూ. అది మాగ. మా కాకినాడ వైపు ఆ పేరుతోనే అడుగుతాం. బొంబాయి వాళ్లు రావస్ అంటారు. ఇంగ్లీషులో దాన్ని ఇండియన్ సాల్మన్ అనడంతో అందరూ బోల్తా పడుతున్నారు. అసలు సాల్మన్‌కీ దానికీ చుట్టరికమే లేదు. మాగ పులుసుకి రాజు, నిప్పుమీదా బాగానే ఉంటుంది. కానీ మీ అల్లుడు గారు సాల్మన్ అని కూర్చుని తెల్ల ముక్క చూస్తే మళ్లీ 'బాగుంది మామయ్యగారూ' అనాల్సొస్తుంది పాపం.

అసలు సాల్మన్‌కి ఆ గులాబీరంగు తిండివల్ల వస్తుంది. సముద్రంలో రొయ్యజాతి చిన్న ప్రాణుల్ని తింటుంది కదా, వాటిలో ఆస్టాజాంథిన్ అనే రంగు పదార్థం ఉంటుంది. నార్వేలో వలల్లో పెంచేవాటికి అదే మేతలో కలుపుతారు. ఇంకో మాట. సియాటిల్‌లో ఆయన తినేది అలాస్కా నుంచొచ్చే సాకై అయితే గనక అది ముదురెరుపు, కొవ్వు తక్కువ, తొందరగా ఉడుకుతుంది. మీకు ఇక్కడ దొరికేది అట్లాంటిక్ రకం, కొవ్వెక్కువ. నిమిషం అటూఇటూ అయినా ఎండిపోదు, కాకపోతే నూనె కారి మంట లేస్తుంది. కాబట్టి ఆయన అక్కడి టైమ్ లెక్క చెబితే వినకండి.

ఫ్రీజర్ ముక్క కరిగించడంలోనే సగం మంది పాడుచేస్తారు. ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి, వేన్నీళ్లలో వేయకండి. పెట్టేముందు ఆ గాలి తీసిన ప్యాకెట్ చింపేయండి. ఇది ముఖ్యం. గాలి లేనిచోట పెరిగే బాట్యులిజం సూక్ష్మజీవి ఒకటుంది, దాంట్లో చేపల్లో కనిపించే రకం ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరగగలదు. గాలి తగిలితే దాని ఆటలు సాగవు. పళ్లెంలో పెట్టి వదులుగా మూత వేస్తే చాలు. కరిగాక ముక్కమీద వేలు రాస్తే మధ్యగీత పక్కన సన్నటి ముళ్లు గుచ్చుకుంటాయి, చిన్న పట్టకారుతో అవి వాలినవైపుకే లాగండి. ఎదురు లాగితే కండ చీలుతుంది.

మావాళ్లకి సాల్మన్ గురించి చెప్పాలంటే నేను పులస అంటాను. అదీ సముద్రంలో బతికి, గుడ్లు పెట్టడానికి వరద గోదారికి ఎదురీదుతుంది, ఇదీ అంతే. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు. మీ బిల్లు చూస్తే సాల్మన్‌కీ అదే సామెత సరిపోయేట్టుంది.

---

పన్నెండో అంతస్తు | మంగళవారం పొద్దున 8:00

డాబా ఉన్న అదృష్టవంతులు మీరంతా. మేం మణికొండలో ఫ్లాటు, బాల్కనీలో ఒక్కసారి బొగ్గులు అంటించాం, పదిహేను నిమిషాల్లో సెక్యూరిటీ వచ్చాడు, రాత్రికి అసోసియేషన్ గ్రూపులో మా ఫొటో. అప్పటినుంచి గ్యాస్ స్టవ్ మీద గాడులున్న ఇనప పెనమే. తోలు కిందికి, మధ్యస్థం మంట, పైన మూత. పొగ రుచి రాదు గానీ తోలు అప్పడంలా వస్తుంది. పై కబుర్లన్నీ దానికీ పనికొచ్చాయి, తడి అద్దడం మరీను.

ఒక్కటి అడుగుతున్నా మామయ్యగారూ, చలికాలం కదా, వంటయ్యాక మిగిలిన నిప్పుల్ని వెచ్చదనానికని గదిలోకి తీసుకెళ్లకండి. నివురు కప్పి చల్లగా కనిపిస్తున్నా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది, వాసనుండదు. తలుపులేసుకుని కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు పొద్దున లేవని సంగతులు ఏటా వింటూనే ఉన్నాం. నీళ్లు పోసి ఆర్పి, డాబామీదే వదిలేయండి.

---

మల్కాజిగిరి మామయ్య | శుక్రవారం రాత్రి 11:05

కనుమ అయింది. ఇప్పుడే డాబా దిగి వచ్చా.

గురువారం రాత్రి ప్యాకెట్లు చింపి ఫ్రిజ్‌లో పెట్టా. పొద్దున ముళ్లు లాగడానికి మా ఆవిడ కనుబొమ్మల పట్టకారు అడక్కుండా తీసుకున్నాను, అదో గొడవ. సాయంత్రం అయిదున్నరకి కొబ్బరిపీచు అంటించా. పక్క డాబాల మీద పిల్లలు ఇంకా పతంగులు ఎగరేస్తున్నారు, ఒక మాంజా వచ్చి నా డ్రమ్ము కాళ్లకి చుట్టుకుంది. దాన్ని విప్పేలోగా బొగ్గులు నివురు కప్పాయి. అంటే నా తొందర తగ్గించింది ఆ మాంజాయే.

ముందు కూరగాయలు. బెండకాయ నిచ్చెనలు నాలుగు, ఉల్లిచెక్కలు, వంకాయ, తొక్కలతో కంకులు. చిలగడదుంపలు రెండు బూడిదలో కప్పెట్టాను. అత్తగారు కుర్చీ వేయించుకుని పక్కనే కూర్చుని, ఏ పట్టకారు దేనికి వాడుతున్నానో కళ్లార్పకుండా చూశారు. వంకాయ ఒక ముక్క మాడింది. అది నేనే తినేశా.

తర్వాత రెండో జాలీ, చేప. తోలు కిందికి పెట్టి చేతులు వెనక్కి కట్టుకున్నా. నిజం చెప్తున్నా, ఆ ఆరు నిమిషాలు వర్క్‌షాపులో బోగీ ఎత్తుతున్నప్పుడు జాకీ పక్కన నిలబడ్డంత కంగారు. మూడో నిమిషంలో అల్లుడు గారు 'తిప్పుదామా మామయ్యగారూ' అన్నారు. 'ముట్టుకోవద్దండీ' అన్నాను, కాస్త గట్టిగానే వచ్చింది మాట. రంగు తమ్ముడు చెప్పినట్టే కిందనుంచి మెట్టుమెట్టుగా ఎక్కింది. ఆరో నిమిషంలో మూల లేపితే లేవలేదు. ఆగాను. ఏడో నిమిషంలో అట్లకాడ పెట్టగానే మొత్తం ముక్క లేచింది, తోలుమీద జాలీ గీతలతో సహా. తోక ముక్కకి థర్మామీటర్ గుచ్చితే 61 చూపించింది. దాన్ని మాత్రం ఖాళీ వైపుకి జరిపి ఇంకో నిమిషం ఉంచితే 64 అయింది. అమ్మాయికి అది పెట్టాం.

అల్లుడు గారు నడుము ముక్క విరిచారు. లోపల రేకులు రేకులుగా విడింది, మధ్యలో సన్నగా మెరుపు. ఆయన ఏమీ అనలేదు. చింతకాయ పచ్చడి కొంచెం అద్దుకుని, తోలు కూడా కరకరా నమిలేసి, రెండోముక్క ఉందా అన్నట్టు జాలీవైపు చూశారు. బాగుంది అనలేదు, గమనించారా? మా ఆవిడ సాంబారు ఊసే ఎత్తలేదు. బూడిదలో దుంపల సంగతి అందరం మరిచిపోయాం, అత్తగారే గుర్తుచేసి తవ్వించారు. పిన్నిగారూ, పాకం నిజంగానే కారింది. మీ నమస్కారాలు అందజేశాను, మీదే ఊరని అడిగారు.

నిప్పుల మీద నీళ్లు పోసి వచ్చాను.

ఇక అసలు విషయం. తోలు కరకరలాడటం ఎలా వచ్చిందని అల్లుడు గారడిగితే, గొప్పగా ఈ పేజీ తీసి ఫోన్ చేతికిచ్చా. ఆయన మొదటినుంచీ పైకి చదవడం మొదలెట్టారు. పన్నెండొందల దగ్గరికొచ్చేసరికి ఆపారు గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది. జింకు జాలీ సంగతి రేపు పొద్దున చదువుతానంది మా ఆవిడ.